రానివాడి గంట

సోషల్ వర్కర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆవిడ తట్టని తలుపు లేదు. ఆ వీధుల్లో అందరూ తలుపులక్క అనేవాళ్ళు. తాగి పడుకున్నవాణ్ణి లేపేది. బడి మానేసిన పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఆఫీసులో గుమాస్తా ఎదురుగా కదలకుండా నిలబడి పని చేయించుకొచ్చేది. తీరా చూస్తే, పని అయిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చేది. పింఛను చేతికొచ్చినా మనిషి గోడకేసి తిరిగి పడుకునే ఉండేవాడు. అది చూసీ చూసీ, నలభై దాటాక ఆ ఉద్యోగం వదిలి, మనసుకు వైద్యం చేసే చదువులో చేరింది.

అత్తగారు నవ్వింది. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. నోరు నాది, కాలు నీది, నువ్వేం కూర్చుంటావే అంది. మొగుడు మోటార్లు బాగుచేసే మనిషి. మందుల షాపు పైన గది దొరికితే రెండు కుర్చీలు మోసుకొచ్చి వేశాడు. ఒకటి ఊగుతోంటే దాని కాలికింద చెక్కముక్క పెట్టి వెళ్ళిపోయాడు.

చదువయ్యాక ఒక ఏడాది, నేర్పిన పెద్దావిడ కనుసన్నల్లో పనిచేయాలి. ఆవిడ అప్పటికే ఒకసారి తప్పు పట్టింది. ఇల్లు ఖాళీ చేయమంటున్నారని ఒకామె ఏడిస్తే, మన తలుపులక్క ఆ ఇంటి యజమానికి ఫోన్ చేసి మాట్లాడింది. ఇల్లు నిలబడింది. ఆమె మళ్ళీ వచ్చింది, ఈసారి చెల్లెలి ఇంటి గొడవ మోసుకుని. తన ఏడుపు సంగతి ఇక ఎత్తలేదు.

"ఇంకోసారి ఇలా జరిగితే నీ ఏడాది పూర్తయిందని నేను సంతకం పెట్టను. పాత ఉద్యోగం మంచిదే, దానికే వెళ్ళు" అంది పెద్దావిడ. గొంతు పెంచలేదు. అందుకే భయం వేసింది.

ఆ తర్వాత ప్లంబర్ వచ్చాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి సగం రోజు పని, సగం రోజు మంచం. పెళ్ళాం పంపితే వచ్చాడు. వారానికో గంట అతనిది. వచ్చిన రెండుసార్లూ పైపుల గురించి మాట్లాడాడు. మూడోవారం రాలేదు.

రానివాడి గంట కూడా వాడిదే, అది ఇంకెవరికీ ఇవ్వకూడదని పెద్దావిడ నేర్పింది. ఫోన్ చూడకూడదు, పుస్తకం తియ్యకూడదు. తలుపు ఓరగా వేసి కూర్చుంది. అతని వీధి తెలుసు. ఇల్లూ తెలుసు. కాలు దానంతటదే ఆడుతోంటే మోకాలి మీద చెయ్యి వేసి అదిమిపెట్టింది.

ఊడ్చే ఆమె చీపురుతో వచ్చింది. "ఖాళీగానే ఉన్నారుగా, కాస్త కాళ్ళెత్తండి."

"ఖాళీగా లేనమ్మా. మనిషున్నాడు."

ఆమె ఎదుటి కుర్చీ చూసింది, ఈవిడ మొహం చూసింది, చప్పుడు చేయకుండా వెనక్కి నడిచింది. వైద్యం చేసే ఆవిడకే పిచ్చి పట్టిందని కింద షాపులో చెప్పింది.

తర్వాతి వారమూ అంతే. మర్నాడు కూరల కొట్టు దగ్గర ప్లంబర్ పెళ్ళాం ఎదురుపడింది. మంచం దిగడం లేదక్కా, ఒక్కసారి వచ్చి లేపు, నీ మాట వింటాడు అని పట్టుకుంది. ఈవిడ ముందు అడగాల్సినవి అడిగింది. తింటున్నాడా, నిద్రపోతున్నాడా, చచ్చిపోతానని గాని అంటున్నాడా. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, అలాంటి మాటేమీ లేదంది. ఒక్కటైనా వేరుగా చెప్పుంటే ఆ క్షణమే బయల్దేరేది.

"అయితే నేను రాను. ఆ గంటకి అక్కడే ఉంటానని చెప్పు."

"కుర్చీ వచ్చాక కాళ్ళు పోయాయా అక్కా?"

కొట్టువాడు తూకం ఆపి విన్నాడు. ఈవిడ సంచీ పట్టుకుని ఇంటికి నడిచింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. అత్తగారు గమనించింది, నోరు మాత్రం విప్పలేదు.

వారం తిరిగింది. గంట దాదాపు అయిపోతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ప్లంబర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"మా ఆవిడ చెప్తే నమ్మలేదు. మీరే వస్తారనుకున్నా. వస్తే తీయకూడదని గడియ పెట్టుకు పడుకున్నా."

"రాలేదు."

"పోయినవారం కూడా కూర్చున్నారా? ఒక్కరే?"

"ఒక్కదాన్నే."

అతను వచ్చి కూర్చున్నాడు. గోళ్ళలో ఇరుక్కున్న సిమెంటు గిల్లుకున్నాడు. "తమ్ముడి చెప్పులు ఇంకా మా గుమ్మంలోనే ఉన్నాయి. అందరూ తీసెయ్యమంటారు. ఊడ్చేటప్పుడు జరుపుతాను, మళ్ళీ అక్కడే పెడతాను" అన్నాడు.

ఎవరికిస్తే బాగుంటుందో, ఎప్పుడు తీస్తే మంచిదో, పాత నోరు చెప్పబోయింది. పళ్ళు బిగించి ఊఁ అని ఊరుకుంది. అతను మాట్లాడాడు. తమ్ముడు నడిస్తే ఎడమ చెప్పే ముందు అరిగేదట.

గడియారం చూసి ఆవిడ, ఇవాళ్టికి అయిపోయింది, వచ్చేవారం ఇదే వేళకి అంది.

"ఇప్పుడే కదా మొదలుపెట్టింది."

"అవును."

విసురుగా లేచి వెళ్ళాడు. తలుపు దడేలుమంది. తప్పు చేశానా, ఇంకాసేపు ఉండనిస్తే ఏం పోయింది అని ఆవిడ వారమంతా కొట్టుకుంది. పెద్దావిడని అడగలేదు.

మళ్ళీ అతని వంతు వచ్చిన రోజు గది తీయడానికి కాస్త ముందే వెళ్ళింది. అతను అప్పటికే పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తాళం తియ్యండి" అన్నాడు.