తడిమంచు దాచిన గాలి

జాక్లిన్‌కి ఒళ్ళు మండిపోతోంది. ఎదురుగా తెరమీద ప్రొఫెసర్ శ్రీపతిగారి నీలం గీత కుదుపన్నది లేకుండా బుద్ధిగా సాగిపోతోంది. ఈ కొండమీద గాలి మహా సాధువనీ, తీగమీద కుర్చీల్లో జనాన్ని కొండెక్కించే కొత్త చైర్‌లిఫ్ట్‌ని ఈదురుగాలిలోనూ నిశ్చింతగా నడుపుకోవచ్చనీ ఆ గీత అర్థం. రేపు ఆ లిఫ్ట్ ఎక్కేది స్కీ స్కూల్ పిల్లలు.

పచ్చి అబద్ధం. ఇక్కడ పడే మంచుని కెమెరాలో పట్టింది ఆయన దగ్గర పనిచేసే జాక్లినే కాబట్టి ఆమెకి తెలుసు.

వాళ్ళు చేసే పని చెప్పుకోవడానికి తేలికే. చీకటిపడగానే పెద్ద దీపం వెలుగుని పల్చటి పరదాలా గాల్లో పరుస్తారు. అందులోంచి రాలే మంచురేకుల్ని వీడియో తీస్తారు. రేకులు ఎలా మెలికలు తిరిగితే గాలి అలా సుళ్ళు తిరుగుతోందని లెక్క. శ్రీపతిగారు కెనడాలో నేర్చుకొచ్చిన విద్య ఇది. అక్కడి మంచు పొడిపొడిగా ఉంటుంది, గాలి ఎటు లాగితే అటు పోతుంది. ఈ ఆస్ట్రేలియా కొండల్లో పడేది మాత్రం చాలాసార్లు తడిమంచు. ముద్దలు కట్టి, గరిటెలోంచి జారే ఇడ్లీపిండిలా ధబ్బున దిగుతుంది. పక్కనే గాలి గిరికీలు కొడుతున్నా దానికి పట్టదు. ఆ ముద్దల్ని చూసి గాలి నెమ్మదిగా ఉందనుకుంటే అంతకన్నా తెలివితక్కువతనం ఉండదు.

ఒక్క రోజు మాత్రం తెల్లవారకముందే చలి బిగుసుకుని, సన్నటి పొడిమంచు పడింది. గాలి వేగం మామూలుగానే ఉంది, కానీ వీడియోలో రేకులు పిచ్చెత్తినట్టు తిరిగాయి. జాక్లిన్ పరుగున వెళ్ళి చూపిస్తే శ్రీపతిగారు భుజం తట్టారు. "అది ఔట్‌లయర్ అమ్మా, మిగతావాటితో కలవని లెక్క, తీసెయ్. రిపోర్ట్ నీట్‌గా ఉండాలి." రిపోర్ట్‌లోంచి తానే తీసేశారు కూడా. వీడియో మాత్రం జాక్లిన్ లాప్‌టాప్‌లో ఉండిపోయింది.

ఇప్పుడు మధ్యాహ్నం, రిసార్ట్ ఆఫీసులో చివరి మీటింగు. గీత చూసి మేనేజర్ హెలెన్ ముఖం వెలిగిపోయింది. ఆవిడ మర్యాదకి ఇటు తిరిగింది. "కొలతలు తీసింది నువ్వు కదా జాక్లిన్, నువ్వేమైనా చెబుతావా?"

జాక్లిన్ నోరు తెరిచేలోపే శ్రీపతిగారు చిరునవ్వుతో, ఆశీర్వదిస్తున్నంత మెత్తగా, తెలుగులో అందుకున్నారు.

"ఆ పొద్దుటి మంచు సంగతి ఎత్తావంటే నీ వీసా స్పాన్సర్‌షిప్ కేన్సిల్ చేయిస్తా. నోరు మూసుకు కూర్చో తల్లీ."

తర్వాత హెలెన్ వైపు తిరిగి, భయపడకుండా మాట్లాడమని ధైర్యం చెబుతున్నానన్నారు. హెలెన్ మురిసిపోయింది.

ఆయనకిది అలవాటే. నలుగురి ముందూ ఇంగ్లీషులో పెద్దమనిషి. తిట్టాలన్నా, బెదిరించాలన్నా తెలుగు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరే కదా, తలుపేసుకుని కొట్టినట్టే. అదే మనిషి ఊళ్ళో, టూంగాబీలోని తన ఇంట్లో, నిప్పులమీద మాంసం కాల్చే బార్బీ విందు పెట్టి, చర్చి నుంచి నేరుగా వచ్చిన జాక్లిన్‌ని "మా చీరాల అమ్మాయి, నా కూతురుతో సమానం" అని అందరికీ చూపిస్తారు. ఆ కూతురు అన్న మాట తలుచుకుంటేనే ఇప్పుడు కడుపు రగిలిపోయింది. మనవాళ్ళు కదా అని ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున భరించింది. వీసా పోతుందన్న భయం ఈ క్షణంలోనూ ఉంది. కానీ భయం కన్నా కోపమే పెద్దదైంది.

"ఆయన ధైర్యం చెప్పలేదు హెలెన్," అంది జాక్లిన్ ఇంగ్లీషులో. "ఆయనన్నది ఇదీ." పొద్దుటి మంచు, వీసా, నోరు మూసుకోవడం, చివరికి ఆ తల్లీతో సహా ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

హెలెన్ నవ్వు చప్పున ఆరిపోయింది. "ఏ పొద్దుటి మంచు?"

జాక్లిన్ తన లాప్‌టాప్‌ని తెరకి కలిపింది. "మిగతా రోజులు పడింది తడిమంచు, దానికి గాలి పట్టదు. ఇది పొడిమంచు," అంది. నీలం గీత పోయి, దాని చోట వెలుగుపరదాలో పొడిమంచు వచ్చింది. రేకులు పైకి లేచాయి, గిర్రున తిరిగాయి, ఒకదాన్నొకటి తరుముకుంటూ పక్కకి కొట్టుకుపోయాయి. హెలెన్ కిటికీలోంచి లిఫ్ట్ స్తంభాల వైపు ఒకసారి చూసింది. తర్వాత తన ముందున్న రిపోర్ట్ మూసేసింది.

శ్రీపతిగారి ముఖం కందగడ్డయింది. ముందుకు వంగి, పళ్ళ సందునుంచి, మళ్ళీ తెలుగులోనే అన్నారు.

"ఎంత పని చేశావే! నెల తిరిగేలోగా నిన్ను విమానం ఎక్కించి చీరాల పంపకపోతే నా పేరు శ్రీపతే కాదు."

జాక్లిన్ హెలెన్ వైపు తిరిగింది. అది కూడా ఇంగ్లీషులో చెప్పింది.