సగం నింపిన తట్ట

చెన్నమ్మ కంకర తట్టతో మూడో మెట్టు ఎక్కుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. తట్ట జారి కింద పడింది. రెండు చేతులతో కడుపు పట్టుకుని అక్కడే కూలబడి అరిచింది. ఆ అరుపుకి పైన సెంట్రింగ్ కడుతున్నవాళ్లు కూడా పని ఆపి కిందికి తొంగి చూశారు.

1998 ఫిబ్రవరి. మాదాపూర్ గుట్టల్లో బండలు పగలగొట్టి ఆఫీసులు లేపుతున్న రోజులు. చెన్నమ్మ, ఆమె భర్త పుల్లయ్య మక్తల్ దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చి మూడేళ్లయింది. కూతురు ప్రవళిక మక్తల్‌లోనే హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. మేస్త్రి జోడీలనే పనిలోకి తీసుకునేవాడు. మొగుడు పారతో మాలు కలిపి తట్ట నింపాలి, పెళ్లాం దాన్ని మోసి పైకి చేర్చాలి. జోడీలో ఒకరు పనికి రాకపోతే రెండోవాళ్లను ఎక్కడ అవసరముంటే అక్కడికి పంపేస్తాడు.

పుల్లయ్య పార పడేసి పరిగెత్తాడు. ఆమె వాంతి చేసుకుంది. ఆ వెంటనే విరేచనమైంది. ఒళ్లంతా చల్లటి చెమట.

"ఏమైందే? ఏడ నొస్తుంది?"

"కడుపుల... కత్తి వెట్టి తిప్పుతున్నట్టుంది" అంది పళ్లు బిగబట్టి.

సైటు ఇంజనీరు విశ్వేశ్వరరావు తాడేపల్లిగూడెం నుంచి వచ్చినాయన. యాభై దాటిన మనిషి. ఎండదెబ్బేమోనని మజ్జిగ తెప్పించబోయాడు కానీ, ఆమె మొహం చూశాక ఆ మాట మింగేసి జీపు తాళాలు తీశాడు. "ఎక్కించవయ్యా, నేనే తీసుకెళతాను" అన్నాడు. దారి పొడుగునా వెనక సీటులో చెన్నమ్మ మెలికలు తిరుగుతూనే ఉంది. పుల్లయ్య ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా తన అరచేయి అడ్డం పెట్టాడు.

పెద్ద దవాఖానకు చేరేసరికి పదకొండున్నర. అత్యవసర విభాగంలో డాక్టర్ పుణ్యవతి డ్యూటీలో ఉంది. సర్జరీ చదువు రెండో ఏడాది. పొద్దుటి నుంచి ముప్పైమందిని చూసింది. చెన్నమ్మ కడుపు మీద చేయి వేసి నాలుగు వైపులా నొక్కింది. పేగు పగిలినా, అపెండిక్స్ చితికినా కడుపు చెక్కలా గట్టిపడుతుంది. ఇది మెత్తగా ఉంది.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు" అన్నాడు పుల్లయ్య.

"గ్యాస్ అయ్యుంటుంది. ఇంజెక్షన్ రాస్తున్నాను, గంటలో తగ్గుతుంది" అని చీటీ మీద రాసి పుణ్యవతి పక్క మంచం వైపు తిరిగింది.

"మేడం, జర ఆగుండ్రి." పుల్లయ్య ఆమెకు అడ్డం వచ్చాడు. అలా ఒక డాక్టరుకి అడ్డం నిలబడతానని అతనెప్పుడూ అనుకోలేదు. చేతులు జోడించే ఉన్నాయి కానీ కాళ్లు పక్కకు జరగలేదు. "గ్యాస్ కాదు మేడం. ఈమె గిట్ల ఎన్నడు ఒర్లలే."

"నొప్పొస్తే ఎవరైనా అరుస్తారు కదయ్యా."

"ఈమె ఒర్లదు. పోయినేడు ఇనుప చువ్వ కాలిల దిగితె తనే గుంజి పారేసి, గుడ్డ కట్టుకొని పొద్దుమూకెదాంక పనిచేసింది. మా బిడ్డ పుట్టినప్పుడు, పోరి ఏడ్పు ఇనవడ్డంకనే పక్కింటోళ్లకు కాన్పైందని తెల్సింది. గసొంటి మనిషి మేడం. లోపల ఏందో అయింది."

పుణ్యవతి వెనక్కి తిరిగి చెన్నమ్మను చూసింది. ఈసారి కడుపును కాదు, మనిషిని. పెదవులు పాలిపోయాయి. మంచం ఇనుప కడ్డీని పట్టుకుని పక్కకు ఒరిగి ముడుచుకుంటోంది. కడుపు ఇంత మెత్తగా, మనిషి ఇంత విలవిలగా. పరీక్ష కోసం చదివిన పాఠంలో సరిగ్గా ఈ మాటే ఉంది. చూస్తే కడుపులో ఏమీ కనబడదు, నొప్పి మాత్రం భరించలేనంత. అలాంటప్పుడు భయపడాలి అని.

ఆమె చెన్నమ్మ మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిమిషమంతా నిలబడింది. నాడి ఒక వరుసలో లేదు. రెండు దెబ్బలు ఒకదానిమీద ఒకటి, ఆ తర్వాత ఎడం, మళ్లీ నాలుగు తొందర తొందరగా.

"అమ్మా, పని చేసేటప్పుడు ఆయాసం వస్తుందా?"

చెన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"వస్తది మేడం" అన్నాడు పుల్లయ్య. "రెండేండ్ల సంది వస్తది. నాలుగు మెట్లెక్కితె నిలవడ్తది. పండుకున్నంక గూడ లేసి కూసుంటది."

అంత నొప్పిలోనూ చెన్నమ్మ కళ్లు తెరిచి అతన్ని చూసింది. "నీకెట్ల ఎర్క?"

"ఎర్క లేకనేనా, నీ తట్టల సగమే పోస్తున్న?"

ఆమె కళ్లు మూసుకుంది. కణత మీంచి నీళ్లు చెవిలోకి జారాయి. పుణ్యవతి స్టెతస్కోపు పెట్టి గుండె విన్నది. రెండు చప్పుళ్ల మధ్య గరగరమని దొర్లుతున్న ఇంకో చప్పుడు. ఆమె చీటీ మీద తను రాసిన గీతను కొట్టేసి, ప్రొఫెసర్ యజ్ఞనారాయణ గదికి గబగబా నడిచింది.

ఆయన రిటైరవడానికి ఏడాది ఉంది. మాట తక్కువ. వచ్చి గుండె విని, కడుపు చూసి, చెన్నమ్మ చెవి దగ్గరకు వంగి అడిగాడు. "చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచాయా తల్లీ?"

"మోకాళ్లు వాసినయి... నెల దినాలు మంచంల ఉంటి."

ఆయన తలాడించి పుల్లయ్యను పక్కకు పిలిచాడు. విశ్వేశ్వరరావు కూడా వెంట వచ్చాడు.

"చిన్నప్పటి ఆ జ్వరం ఈమె గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. అది సరిగ్గా తెరుచుకోక లోపల రక్తం నిలిచి గడ్డ కట్టింది. ఆ గడ్డలోంచి ఒక ముక్క ఇవాళ ఊడివచ్చి, పేగులకు రక్తం తీసుకెళ్లే నాళంలో ఇరుక్కుందని నా అనుమానం. రక్తం అందకపోతే పేగు చచ్చిపోతుంది."

"తూము మూసుకపోతె మడి ఎండినట్టా సార్?"

"అంతే. ఇంకా ఎండలేదని నా ఆశ. ఫొటోలు తీయిస్తూ కూర్చునే టైము లేదు. కడుపు కోసి చూడాలి. బతుకుతుందని మాట ఇవ్వలేను. కోయకపోతే బతకదని మాత్రం చెప్పగలను."

పుల్లయ్య మంచం వైపు చూశాడు. "ఆమెకు చెప్పి రావాల్నా సార్?"

"చెప్పు. తొందరగా."

అతను వెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "చెన్నీ, కడుపు కోస్తరంట."

"నువ్వేడ ఉంటవు?"

"తలుపు కాడ్నే ఉంట."

"అయితె కోయమను" అంది.

రక్తం ఇంకా గడ్డ కట్టకుండా నరంలోకి మందు ఎక్కించారు. పుల్లయ్య కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆపరేషన్‌కి రెండు సీసాల రక్తం కావాలంటే, విశ్వేశ్వరరావు చొక్కా చేయి మడిచి బ్లడ్ బ్యాంకు వైపు నడిచాడు. ఒంటిగంటకు థియేటర్ తలుపులు మూసుకున్నాయి.

కడుపు తెరవగానే పుణ్యవతి ముందు పేగు రంగు చూసింది. గులాబీ రంగులో మెరవాల్సిన పేగు బూడిద రంగులో ఉంది. కొంత మేర నల్లబడింది. యజ్ఞనారాయణ వేళ్లతో నాళాన్ని తడుముతూ వెళ్లి ఒకచోట ఆగాడు. "ఇక్కడిదాకా కొట్టుకుంటోంది. ఇక్కణ్ణుంచి లేదు. చూడమ్మా" అని ఆమె వేలిని అక్కడ పెట్టించాడు. నాళం మీద చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టాన్ని లోపలికి పోనిచ్చాడు. దాని కొసన ఉన్న బుడగను ఉబ్బించి మెల్లగా వెనక్కి లాగాడు. ద్రాక్షపండంత నల్లటి గడ్డ, దాని వెనక తోకలాంటి ముక్క బయటపడ్డాయి. ఆ వెనకే ఎర్రటి రక్తం చిమ్మింది.

నాళం కుట్టేసి, పేగుల మీద గోరువెచ్చని తడిగుడ్డలు కప్పారు. "ఇప్పుడు ఆగాలి" అన్నాడాయన. అరగంటసేపు గుడ్డలు మారుస్తూ నిలబడ్డారు. గుడ్డ తీసి చూసిన ప్రతిసారీ బూడిదరంగు కాస్త వెనక్కి తగ్గుతూ వచ్చింది. రెండున్నర అడుగుల పేగు మాత్రం రంగు మారలేదు. దాన్ని కోసి తీసేశారు. ఇంకో జానెడు మీద ఆయనకు సందేహం ఉండిపోయింది. "కోసిన కొసల్ని ఇవాళ అతకను. రేపు మళ్లీ తెరిచి చూద్దాం. ఉంచాలో తీయాలో రేపు పేగే చెబుతుంది" అన్నాడు.

ఆ మాట బయట చెప్పినప్పుడు పుల్లయ్య గోడకు చేరగిలబడ్డాడు.

"మళ్ల కోస్తరా సార్?"

"చూడకుండా నమ్మితే ప్రమాదం పుల్లయ్యా. ఒక్కరోజు ఓపిక పట్టు."

గాజు తలుపులోంచి ఆమెను చూడనిచ్చారు. నోట్లో గొట్టం ఉంది. మొహం పసిపిల్ల మొహంలా ఉంది. చెప్పిన మాట ప్రకారం అతను తలుపు దగ్గరే ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమెను రెండోసారి లోపలికి తీసుకెళ్లారు. గంటన్నర తర్వాత పుణ్యవతి మాస్కు కిందికి లాగుతూ బయటికొచ్చింది. ఆమె నోరు తెరవకముందే, ఆమె కళ్లు చూసి పుల్లయ్య ఏడ్చేశాడు.

"ఆ జానెడూ బతికింది. అతికేశాం" అందామె. అని, తనూ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

తర్వాతి రోజులు దాహంతో గడిచాయి. పేగు కదలిక మొదలయ్యేదాకా నోటికి నీటిబొట్టు ఇవ్వకూడదన్నారు. పుల్లయ్య దూదిని తడిపి, పిండి, ఆమె పెదవులకు అద్దేవాడు. నోట్లోంచి గొట్టం తీశాక ఆమె అన్న మొదటి మాట, "తిన్నవా?"

"తిన్న."

"అబద్దం. నీ నోరు గూడ ఎండింది."

"నువ్వు నీళ్లు దాగంది నాకెట్ల దిగుతది?"

"నా కండ్ల ముందు తిను" అంది. ఇక తప్పక బయటికెళ్లి బన్ను తెచ్చుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అతను నమిలే ప్రతి ముద్దనూ, తనకే తినిపిస్తున్నంత శ్రద్ధగా ఆమె చూసింది. బన్ను అయిపోయాక నెమ్మదిగా అడిగింది.

"ఎప్పటి సంది సగం పోస్తున్నవు?"

"పోయిన ఉగాది ముంగట్నుంచి. నువ్వు చూస్తలేవనుకున్న."

"నా మెడకు తెల్వదా బరువు? మొదలు నీకు చేతనైతలేదేమో అనుకున్న. పక్కోళ్ల తట్టలు చూస్తె నిండ ఉన్నయి. గప్పుడు సమజైంది, కావాల్ననే తక్కువ పోస్తున్నవని. నా ఆయాసం నీకెర్కైందనుకోలే."

"మరి ఆయాసమొస్తుందని ఎందుకు చెప్పలే?"

"చెప్తె పని బందు వెట్టిస్తవు. జోడి తెగుతది. మేస్త్రి నిన్ను ఏ సైటుకు తోలుతడో. నువ్వొక తాన, నేనొక తాన." ఆమె తల అతని వైపు తిప్పింది. "నువ్వెందుకు అడగలే?"

"అడిగితె నువ్వు లేదంటవు. లేదన్నంక నేను నిండ పోయాలె గద."

చెన్నమ్మ చేయి చాచి అతని చొక్కా మీది బన్ను పొడిని దులిపింది.

"ఇద్దరం కల్సి మాట్లాడకుంట నిన్ను సంపుకుంటుంటిమి" అన్నాడు పుల్లయ్య.

చెన్నమ్మకు ఎందుకో నవ్వొచ్చింది. నవ్వగానే కడుపు పట్టుకుంది. "నవ్వియ్యకు. కుట్లు గుంజుతున్నయి."

ఐదో రోజు పేగుల చప్పుడు వినిపించింది. రెండు చెంచాల నీళ్లు, మర్నాడు బార్లీ, ఆపైన పలచటి గంజి. పేగు కొంత పోయింది కనుక కొన్నాళ్లు విరేచనాలవుతాయనీ, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలనీ పుణ్యవతి చెప్పింది. రక్తం పలచగా ఉంచే బిళ్లలు ఇచ్చి, ఒక్కరోజు కూడా మానొద్దంది. నెలనెలా వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. బరువు మోయకూడదు. ఇంకో మూడు నెలలకు కాలి నరంలోంచి బుడగ పంపి గుండె కవాటాన్ని వెడల్పు చేస్తారు, దానికి కోత ఉండదు.

అన్నీ చెప్పాక కూడా పుణ్యవతి వెళ్లలేదు.

"పుల్లయ్య గారూ, ఆ రోజు నేను ఇంజెక్షన్ రాసి వెళ్లిపోయేదాన్నే. మీరు ఆపారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈమెను పోగొట్టేదాన్ని."

తనను 'గారూ' అని ఎవరూ పిలవని పుల్లయ్య గాభరాగా లేచి నిలబడ్డాడు. "నేనేం చేసిన మేడం. ఉన్న మాట చెప్పిన."

"ఆ మాట చెప్పడానికి ఆమె గురించి అంత తెలిసుండాలి కదా" అంది పుణ్యవతి. చెన్నమ్మ భుజం మీద చేయి వేసి, ఒక క్షణం ఉంచి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

పదహారో రోజు ఇంటికి పంపారు. ముందురోజే విశ్వేశ్వరరావు వచ్చి పలకరించి, మేస్త్రితో తను మాట్లాడానన్నాడు. కట్టిన గోడలకు పైపుతో నీళ్లు పట్టే పని పుల్లయ్యకు, అదే సైటులో. దానికి జోడీ అక్కర్లేదు. "మీ ఆవిడ మీరుంటున్న షెడ్డులోనే ఉండొచ్చు. ఆవిణ్ణి పనికి రమ్మని ఎవడన్నా అడిగితే నాతో చెప్పవయ్యా" అన్నాడు.

మధ్యాహ్నం బస్సు ఖాళీగా ఉంది. చెన్నమ్మ కిటికీ పక్కన కూర్చుంది. గాలి మొహానికి తగులుతుంటే, నాలుగు స్టాపులు కూడా దాటకముందే పుల్లయ్య భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. దవాఖానలో రెండు వారాలూ సూదులు, పిలుపులు, పక్క మంచాల మూలుగులు. ఇంత గాఢంగా ఆమె పడుకున్నది ఇప్పుడే. ఊపిరి సాఫీగా తగులుతోంది అతని మెడకు.

బండల మధ్య నుంచి సగం కట్టిన భవనాలు కనిపించాయి. బస్సు ఆగింది. కండక్టరు వెనక్కి తిరిగాడు.

"మాదాపూరొచ్చింది. దిగుతలేరా?"

పుల్లయ్య కదలకుండా, గొంతు తగ్గించి అన్నాడు. "పండుకున్నదన్నా. ఆఖరి స్టాపుదాంక వస్తం. మళ్ల ఇదే బస్సుల తిరిగొచ్చి దిగుతం."

కండక్టరు ఆమెను, ఆమె చేతిలోని మందుల కవరును చూశాడు. విజిల్ నోటిదాకా తెచ్చి ఆగి, డ్రైవరు వైపు చేయి ఊపాడు. బస్సు మెల్లగా కదిలింది.