భుజం మీద చెయ్యి

కాలేజీ వార్షిక సంచిక తయారయ్యే గది మెట్ల కింద ఉండేది. ఒక పొడవాటి బల్ల, రెండు కంప్యూటర్లు, బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే తిరిగే ఫ్యాను. రోజూ క్లాసులయ్యాక ఒకమ్మాయి వచ్చి తాళం తీసి, చెప్పులు గుమ్మం పక్కన విడిచి పనిలో కూర్చునేది. పేజీలు సర్దుతుంది కాబట్టి అందరికీ ఆమె పేజీలమ్మాయి. మూడేళ్ళలో అసలు పేరు అడిగిన పుణ్యాత్ముడు లేడు.

పని తేలికేం కాదు. పద్నాలుగు క్లబ్బుల ఫొటోలు. సిరా ఆరేదాకా ఫొటోల్లో మనుషులు ఒకచోట ఉండరు కదా. నాటకాల వాళ్ళందరూ ముందు వరసకే ఎగబడతారు. ఫుట్‌బాల్ వాళ్ళు పక్క పేజీలోకి దూరి పాటల క్లబ్బు వాళ్ళని తోసేస్తారు. వీళ్ళని బుజ్జగించి, గదమాయించి వరసలో నిలబెట్టాలి. విడుదల రోజు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళి, సిరా ఆరేదాకా కాపీల పక్కన కూర్చుని వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. ఆమె మాట తప్ప వాళ్ళు ఇంకెవరి మాటా వినరు.

కమిటీలో ఎడిటరుతో కలిపి తొమ్మిది మంది. మీటింగుకి తొమ్మిది మందీ వచ్చేవాళ్ళు, టీ ఇస్తారు కాబట్టి. పనికి మిగిలేది పేజీలమ్మాయి, ప్రూఫులు దిద్దే ఆమె స్నేహితురాలు.

ప్రెస్సు నడిపే ఆవిడ ఏటా కమిటీ ఫొటోలో "పేజీల అమరిక" అన్న మాట ఎవరి కింద ఉందో చూసి, వాళ్ళని ఉద్యోగంలోకి తీసుకునేది. ఎవరెన్ని చెప్పినా వినదు, అచ్చులో ఉన్నదే నమ్ముతుంది. పేజీలమ్మాయి ఆశంతా ఆ ఉద్యోగం మీదే. ఉంటున్నది అక్క ఇంట్లో. చదువైపోగానే ఉద్యోగం రాకపోతే తన కొట్లో కూర్చోవాలని బావ తేల్చి చెప్పేశాడు. ఆ కొట్లో అక్క పదేళ్ళుగా కూర్చునే ఉంది.

పేజీలు ప్రెస్సుకి వెళ్ళిపోయాక ఆఖరి ప్రూఫు చూస్తే, కమిటీ ఫొటో చివర తను లేదు. ఆ చోట, "పేజీల అమరిక" అన్న మాట పైనే, ఎడిటరుగారి బాబాయి కొడుకు, నల్లకళ్ళద్దాలతో. ఆ గది ఎక్కడుందో కూడా అతనికి తెలియదు. కత్తిరించడం కూడా సరిగ్గా చేతకాలేదు వాళ్ళకి. స్నేహితురాలి భుజం మీద ఆమె చేతివేళ్ళు నాలుగు అలాగే మిగిలిపోయాయి.

"అందరం కలిసి చేసిందేగా. టీమ్ వర్క్. ఎవరు ఎక్కడుంటే ఏంటి?" అన్నాడు ఎడిటరు.

మిగతావాళ్ళు టీ తాగుతూనే ఉన్నారు. స్నేహితురాలు తల దించుకుంది. పేజీలమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. తాళంచెవి బల్ల మీద విసిరేసి వచ్చేసింది.

విడుదల రోజు పొద్దున ఆమె ప్రెస్సుకి వెళ్ళలేదు. అక్క వాళ్ళ వంటింట్లో గిన్నెలు తోముతూ కూర్చుంది. ఆ చప్పుడుకి బావ రెండుసార్లు లేచి వచ్చి, ఆమె మొహం చూసి వెనక్కి పోయాడు. ప్రెస్సుకి బాబాయి కొడుకు వెళ్ళాడు. వెళ్ళి ఫోను చూసుకుంటూ కూర్చుని, సిరా ఆరకముందే కాపీలు సభకి చేర్చేశాడు.

"సభకైనా వెళ్ళు. ఆ పుస్తకం నీది. నాలాగా వదిలేసుకోకు," అంది అక్క.

వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. వేదిక మీద ప్రిన్సిపాలు పుస్తకం తెరిచాడు. పాటల క్లబ్బు పేజీలో కుర్చీలు తప్ప మనుషుల్లేరు. ఫుట్‌బాల్ పేజీలో బంతి ఒక్కటే ఉంది. హాల్లో ఎవరి కాపీ చూసినా అంతే. పద్నాలుగు క్లబ్బులూ వెళ్ళి కమిటీ పేజీలో కిక్కిరిసి ఉన్నాయి. ఫుట్‌బాల్ వాళ్ళు ఆ నాలుగు వేళ్ళూ పట్టుకుని లాగుతున్నారు, వాళ్ళ నడుములు పట్టుకుని పాటల వాళ్ళు లాగుతున్నారు. చదరంగం వాళ్ళు కుర్చీల్లోంచి లేవకుండా సలహాలిస్తున్నారు. అందరూ చూస్తుండగానే మణికట్టు వచ్చింది, మోచెయ్యి వచ్చింది, చివరికి మనిషే వచ్చింది. జుట్టు రేగిపోయి, మొహం కందిపోయి, పేజీలమ్మాయి తన చోట నిలబడింది. నల్లకళ్ళద్దాలవాడు పేజీ నంబరు పక్కన ఇరుక్కుపోయాడు.

ఎడిటరు పరుగున వచ్చాడు. "ఎవరి పేజీల్లోకి వాళ్ళని పంపించు. ఇంకో ఐదు నిమిషాల్లో సిరా ఆరిపోతుంది. నీ మాటైతే వింటారు."

నిజమే, ఒక్క మాట చాలు. ఆమె ఆ మాట అనలేదు.

"టీమ్ వర్క్ కదా అన్నా. ఎవరు ఎక్కడుంటే ఏంటి?"

ఐదు నిమిషాలు గడిచాయి. సభలో ముందు వరసలో కూర్చున్న ప్రెస్సావిడ పేజీని వేలితో రుద్ది చూసింది. సిరా అంటలేదు. "పేజీల అమరిక" అన్న మాట, దాని పైనున్న మొహం చూసి, ఆ మొహాన్ని వెతుక్కుంటూ చివరి వరస దాకా నడిచి వచ్చింది. సోమవారం తొమ్మిదింటికి రమ్మంది. తర్వాత, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

పేజీలమ్మాయి చెప్పింది. మూడేళ్ళలో ఆ పేరు అడిగింది ఆవిడొక్కతే.

ఆ సంచిక ఇప్పటికీ లైబ్రరీలో ఉంది. అందులో ఆమె అందరిలా ముందుకి చూడదు. పక్కకి తిరిగి ఎడిటరు వైపే చూస్తుంటుంది, అంతే కోపంగా.