పచ్చిగోడ

సోమవారం పొద్దున లేచేసరికి నా కడుపుకు తలుపు ఉంది. బొడ్డుకు బెత్తెడు పైన, వేపచెక్కది, గడియ బయట.

నేను తాపీ మేస్త్రీని. ఈ గుమ్మం నిలబెట్టినవాడెవడో గానీ తూకంగుండు వేసి చూసుకోలేదని, వంకరగా పెట్టాడని తిట్టుకుంటాను. నా భార్య అంకమ్మ గడియ తీసి, లోపలికి తొంగి చూస్తుంది.

"మావా, లోపల పని జరగతంది."

నేనూ వంగి చూస్తాను. మరమేకుల్లా మెలితిరిగిన చిన్న చిన్న మనుషులు గోడను గోళ్ళతో గీకుతున్నారు. కడుపునొప్పికని డాక్టరు పద్నాలుగు రోజులకు రాసిన మాత్రలు వీళ్ళను చంపడానికే. నొప్పి తగ్గిందని నాలుగో రోజే మానేశాను. ఏ గోడకైనా పద్నాలుగు రోజులు నీళ్ళు కొట్టించనిదే కదలనివాణ్ణి, నా కడుపు దగ్గరికొచ్చేసరికి నా బుద్ధి గడ్డి తింది.

గీకిన చోటల్లా వేరే కూలీలు కొత్త ఇటుకల వరస కడుతున్నారు. ఈ కూలీలు నా కడుపులో పుట్టినవాళ్ళే. కింది వరస ఆరకముందే పైది లేస్తోంది.

"పచ్చిగోడ మీద కడితే నిలబడుద్దంట్రా?"

"నిలబడదు మేస్త్రీ," అంటాడొకడు తలెత్తకుండా. "ఆగితే బొక్క పడుద్ది. అందుకని కడతన్నాం."

కొత్త ఇటుకలకు తాము దేనికి పుట్టామో తెలియదు. కొన్ని పేగులమనుకుంటున్నాయి. కొన్నిటికి చెవులు మొలుస్తున్నాయి. గది ఇరుకవుతోంది.

అంకమ్మ కొంగు నడుముకు దోపుతుంది. "గీకేవాళ్ళను నే ఊడ్చేస్తా. నువ్వు మాత్రలు మింగతా ఉండు," అని లోపలికి దిగుతుంది. నేను వద్దనను. ఇరవై ఏళ్ళుగా గోడ పనిలో నాకు సిమెంటు మాలు అందించింది ఆమే.

మిగిలిన మాత్రలన్నీ ఒక్కసారే మింగుతాను. మెలికల మనుషులు రాలిపోతారు. ఒక్కడూ మిగలడు. కట్టేవాళ్ళు మాత్రం కడుతూనే ఉన్నారు.

"వాళ్ళు పోయారుగా, ఇంక ఆపండ్రా."

"చేతులు ఆగట్లా మేస్త్రీ."

"మావా, తలుపు ఎటుంది?" అంకమ్మ గొంతు.

చేయి లోపలికి చాస్తాను. ఆమె వేళ్ళు తగులుతాయి. మా వేళ్ళ మధ్య ఒక వరస లేస్తుంది, దాని మీద ఇంకొకటి. చేయి లాక్కునేసరికి తలుపూ గుమ్మమూ గోడలో కలిసిపోతాయి. తాపీతో గీకుతాను. గీకినచోట గోడ రెండింతల మందం పెరుగుతుంది. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు.

బొడ్డులోంచి ఒక పొడుగాటి వెంట్రుక బయటికి వస్తుంది. అంకమ్మ రాసుకునే కొబ్బరినూనె వాసన. లాగుతాను. దాని వెనక జడంతా వస్తుంది, మంచం నిండుతుంది, గడప దాటి వీధిలో పడుతుంది. నల్లగా వస్తున్నది కాస్తా నెరవడం మొదలవుతుంది. ఇప్పుడు వచ్చేదంతా తెలుపే. చేతులు మార్చుకుంటూ లాగుతూనే ఉన్నాను.