నిచ్చెన పట్టుకునే మనిషి

“పట్టుకో,” అన్నాడు భర్త, నిచ్చెన కాళ్లు చూపిస్తూ.

ఆమె చేతులకి ఇంకా గిన్నెలు తోమిన తడి ఉంది. కొంగుకి తుడుచుకుని, చాలదేమోనని మళ్లీ తుడుచుకుని, వచ్చి పట్టుకుంది. చేయి జారితే? జారి నిచ్చెన కదిలితే? కదిలి ఆయన వెనక్కి పడితే, అక్కడే ఉన్న టీపాయ్ అంచు సరిగ్గా తల వెనక... ఆమె ఆలోచనలు ఎప్పుడూ అంతే. ఏ పనైనా మొదలు కాకముందే పరుగెత్తుకెళ్లి ఆస్పత్రి గుమ్మంలో కూర్చుంటాయి. ఒక కాలితో టీపాయ్‌ని పక్కకి నెట్టింది.

“కదలకు! పట్టుకోవడం కూడా రాదా?” అన్నాడు పైనుంచి.

ఈ ఇంటికి మారి ఎన్నాళ్లో కాలేదు. హాలు కప్పు మామూలు ఇళ్లలా చదునుగా ఉండదు. రెండు గోడల మీంచీ ఏటవాలుగా లేచి, పైనెక్కడో మధ్య దూలం దగ్గర కలుస్తుంది. చూసినవాళ్లంతా అబ్బ, ఎంత గాలో, ఎంత వెలుతురో అన్నారు. ఆమె మాత్రం మెడ వెనక్కి వంచి, ఈ బూజు ఎలా దులపాలిరా దేవుడా అనుకుంది. ఆ దూలానికి ప్రొజెక్టరు వేలాడదీసి, ఎదుటి గోడంతా తెర చేసుకోవాలని భర్త ముచ్చట. దాన్ని బిగించే స్టాండు కొనడానికి ఆమెనీ తీసుకెళ్లాడు. షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి చదును కప్పులకి. రెండోదాని పై పట్టీ కప్పు వాలుకి తగ్గట్టు వంగుతుంది, కింది పైపు మాత్రం నిటారుగా వేలాడుతుంది. “ఇది ఊడిపడదు కదా బాబూ? కింద పిల్ల కూర్చుంటుంది,” అని అడిగింది ఆమె. భర్త షాపతని వైపు చూసి కన్నుగీటాడు. “మా ఇంటి సైరన్ అండీ. పాలు పొంగకముందే మోగుతుంది.” షాపతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే దారంతా మూతి ముడుచుకున్నావంటాడు. చివరికి వంగేదే కొన్నాడు. రంగు ఒక్కటి ఆమెను చెప్పమన్నాడు. తెలుపు అంది. నలుపు తీసుకున్నాడు.

బిగించే మిస్త్రీ పొద్దున వచ్చి చూశాడు. “ఇంత ఎత్తుకి మామూలు నిచ్చెన చాలదు సార్, పరంజా వేసుకోవాలి. ఎల్లుండి ఇద్దరం వస్తాం,” అని వెళ్లిపోయాడు. సాయంత్రమేమో ఆఫీసు స్నేహితులు మ్యాచ్ చూడటానికి వస్తున్నారు. పిలుపు ఆయనది. వంటా, కుర్చీలు సర్దడం, వాళ్లు పోయాక ఎంగిలి ప్లేట్లూ ఆమెవి. “పెద్ద పనేంటి, నాలుగు స్క్రూలు! వాడి బోడి పరంజా కోసం ఎల్లుండిదాకా ఆగాలా?” అని పక్కింటి మడత నిచ్చెన తెచ్చాడు.

ఆ ఇంట్లో పనులు చేసేది ఆయన, పట్టుకునేది ఆమె. మేకులు పట్టుకోవాలి, టార్చి పట్టుకోవాలి, ఆయన నేరుగా గీత గీస్తుంటే టేపు చివర పట్టుకోవాలి. పని కుదిరితే ఆయన చేసినట్టు, వంకరొస్తే ఆమె సరిగ్గా పట్టుకోనట్టు. పిల్ల విషయంలోనూ అంతే. చిన్నప్పుడు ఉయ్యాలలో కూర్చోబెట్టి ఆయన ఊపుతుంటే, అంత జోరొద్దండీ, పడిపోతుందండీ అని వంటింట్లోంచి అరిచింది. “మొదలైంది,” అన్నాడు ఆయన, ఇంకాస్త జోరుగా ఊపుతూ. పిల్ల పడి గడ్డం చీలింది. ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. “తల్లివై ఉండి ఎక్కడ చచ్చావ్? చూసుకోవద్దా?” అత్తగారు కూడా అదే మాట. పడకముందు భయపడితే పిచ్చిది, పడ్డాక చూసుకోనిది. ఈ రెంటి మధ్య తను నిలబడటానికి కాస్త చోటు ఎక్కడుందో ఆమెకి ఇన్నేళ్లయినా దొరకలేదు.

నిచ్చెన చివరి మెట్టుదాకా ఎక్కినా ఆయనకి దూలం అందలేదు. ఆయాసపడుతూ దిగాడు. అన్నాల టేబుల్‌ని హాలు మధ్యకి ఈడ్చి, నిచ్చెనని దానిమీదికి ఎక్కించాడు. తనూ టేబుల్ ఎక్కాడు. టేబుల్ కిర్రుమంది. వెంటనే దిగిపోయి, భయపడి దిగినట్టు కనపడకుండా చేతులు దులుపుకున్నాడు.

“నా బరువుకి ఇది ఆగదు. కన్నా, నువ్వు రా!” అని కూతుర్ని పిలిచాడు. “నువ్వు తేలిక. పట్టీని దూలానికి ఆనించి స్క్రూలు తిప్పెయ్, అంతే. నేను టేబుల్ పట్టుకుంటా, మీ అమ్మ నిచ్చెన పట్టుకుంటుంది.”

ఆమె టేబుల్‌కి అడ్డం వచ్చింది. “వద్దండీ. ఎల్లుండి వాళ్లొస్తారుగా.”

“అమ్మా, ప్లీజ్, సైరన్ వెయ్యకు,” అంది కూతురు చెప్పులు విడుస్తూ. ఏడో తరగతి పిల్ల. ఈమధ్య తండ్రి మాటలన్నీ దాని నోట్లో పలుకుతున్నాయి.

కుర్చీలోంచి అత్తగారు కల్పించుకుంది. “ఎక్కనీ. ఆడపిల్లని నీలాగా పిరికిదాన్ని చేస్తావా ఏంటి?”

ఆ మాట ఆమెకి నిజంగానే గుచ్చుకుంది. కూతురు తనలా కాకూడదనే కదా, లోపల ప్రాణం విలవిల్లాడుతున్నా రోడ్డు మీదికి సైకిలిచ్చి పంపింది. ఈత నేర్చుకుంటానంటే, లోతు వైపు చూడలేక కళ్లు మూసుకుని గట్టున కూర్చుంది కానీ వద్దనలేదు. ఇప్పుడూ వద్దనకూడదేమో. తనది ఉత్త పిరికితనమేమో. పదో తరగతితో ఆగిపోయిన దానికి ఏం తెలుసు, అందరూ నవ్వుతున్నారంటే నవ్వే మాటే అయి ఉంటుంది. అలా తనకి తనే చెప్పుకుంటూ టేబుల్‌కి ఆనుకుని, చేతులు చాచి నిచ్చెన పట్టుకుంది.

కూతురు టేబుల్ ఎక్కి, రెండో మెట్టు మీద కాలు పెట్టింది. నిచ్చెన చిన్నగా ఊగింది.

“నాన్నా... కదులుతోంది,” అంది పిల్ల. అని, వెంటనే నవ్వేసింది. తండ్రి వైపు చూస్తూ, పళ్లన్నీ కనిపించేలా. మెట్టు పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లగా పాలిపోయాయి.

ఆమె ఆ నవ్వు చూసింది. పిల్ల భయపడుతోంది. భయంగా ఉందని చెప్పడానికి ఇంకా ఎక్కువ భయపడుతోంది.

“దిగమ్మా,” అంది. చెయ్యి అందించి పిల్లని మెట్టు మీంచి దింపింది, తర్వాత టేబుల్ మీంచీ దింపింది. కిందికి దిగాక కూడా పిల్ల తల్లి చెయ్యి వదల్లేదు.

“ఏయ్, ఏంటిది?” అన్నాడు భర్త.

“నేను పట్టుకోనండీ.”

“ఏంటీ?”

“నిచ్చెన. పిల్ల ఎక్కినా, మీరెక్కినా నేను పట్టుకోను.”

భర్త కణతల దగ్గర నరం ఉబ్బింది. ఆ నరం సంగతి ఆమెకి తెలుసు. ఇక మాటలుండవు, కంచం నెట్టేయడాలుంటాయి, తలుపులు ధడాల్న పడతాయి, పిల్లకి కూడా వినపడేలా ఫోన్లో చెల్లెలికి ఫిర్యాదులుంటాయి. అన్నీ వరసగా కళ్ల ముందు నిలిచాయి. అయినా నిచ్చెనని టేబుల్ మీంచి కిందికి దించి, మడిచి గోడకి ఆనించింది.

“సాయంత్రం వాళ్లొస్తే ఏం చెప్పమంటావ్? నా పరువేం కావాలి?” అని అరిచాడు.

“మా ఆవిడకి భయమేసింది, వద్దంది అని చెప్పండి,” అంది ఆమె. “అడిగితే నేనూ అదే చెప్తాను.”