బొమ్మలకు మంచినీళ్ళు

1997 ఆగస్టు మూడో తేదీ, ఆదివారం. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజు, ఆడి పదునెట్టు పండగని ఎదురింటి సీతాలక్ష్మమ్మ పంపించిన నిమ్మకాయ చిత్రాన్నం, కొబ్బరి అన్నం, రెండు అప్పడాలు. ఆ మధ్యాహ్నం వరదరాజులు తిన్నవి ఇవీ. అది ఏటి నీటికి దణ్ణం పెట్టుకునే పండగ. చింతాద్రిపేట పక్కనే ఏరున్నా, మురుగు కంపుకొట్టే కూవం నీళ్ళకు దణ్ణం పెట్టే ధైర్యం ఎవరికీ లేదు గనక పేటలో ఆ పండగ వంటింట్లోనే మొదలై వంటింట్లోనే ముగుస్తుంది. తిన్న కంచం కడిగి బోర్లించి, సాయంత్రం దాకా ఏం చెయ్యాలా అని ఆయన నిలబడి ఉండగా తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఇద్దరున్నారు. ఒకడు మునిరాజు, హార్బరులో క్రేను నడిపి రిటైరైన మనిషి, తొండియార్‌పేట నుంచి బస్సులో వచ్చాడు. రెండో ఆమె జయంతి. పురసవాక్కంలో జాకెట్ల మీద ఎంబ్రాయిడరీకి డిజైన్లు గీసి బతికే మనిషి, నలభై దాటుంటాయి. ఇద్దరి చంకల్లోనూ డ్రాయింగు బోర్డులు. ఆదివారం నాలుగింటికి వరదరాజులు భార్య భువనేశ్వరి దగ్గర నీటిరంగులు నేర్చుకోవడం వాళ్ళకు ఆరేళ్ళ అలవాటు. భువనేశ్వరి పోయి అప్పటికి యాభై రోజులు.

"క్లాసు ఉంటాదా సార్?" అన్నాడు మునిరాజు, చెప్పులు విప్పకుండానే.

లేదని చెప్పవలసిందే. కానీ లేదంటే వాళ్ళు వెనక్కి తిరుగుతారు, మెట్లు దిగుతారు, ఆ తర్వాత ఈ ఇంట్లో ఆదివారానికీ సోమవారానికీ తేడా ఉండదు.

"ఉంటుంది" అన్నాడు వరదరాజులు.

"చెప్పేదెవరు?" అంది జయంతి. "మీకు వచ్చునా సార్, పెయింటింగు?"

"వచ్చమ్మా."

ముప్పై ఏళ్ళు కాలేజీ లైబ్రరీలో పనిచేసి, ఫలానా పుస్తకం లేదని చెప్పడానికి కూడా మొహమాటపడి మళ్ళీ ఒకసారి బీరువా వెతికొచ్చే మనిషి. అబద్ధం అంత నున్నగా నోట్లోంచి ఎలా జారిందో ఆయనకే తెలియలేదు.

అయితే పూర్తిగా అబద్ధమూ కాదు. పద్దెనిమిదేళ్ళు హాల్లో ఆమె క్లాసు చెబుతుంటే, పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని ఆయన విన్నాడు. ఆకాశం లాంటి పెద్ద జాగాను ఒక్క ఊపులో రంగునీళ్ళతో నింపడాన్ని వాష్ అంటారని తెలుసు. బోర్డు కింద ఒక లావుపాటి పుస్తకం పెట్టి వాలు ఇవ్వాలి. పైన ఒక గీత వేస్తే దాని అడుగున రంగునీళ్ళు పూసలా నిలబడతాయి. ఆ పూస తెగకుండా కిందికి దించుకుంటూ రావాలి, దాటివచ్చిన చోటికి మళ్ళీ పోకూడదు. తెలుపు ట్యూబులో ఉండదు, కాగితంలో ఉంటుంది, దాన్ని ముందే వదిలిపెట్టుకోవాలి. ఆరిందో లేదో వేలితో కాదు, చేతి వెనకవైపుతో చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఇవన్నీ ఆమె గొంతుతో సహా ఆయనకు కంఠతా వచ్చు. రానిదల్లా ఒక్కటే. ఆయన జన్మలో కుంచె తడపలేదు.

ఆ సాయంత్రం హాల్లో అటూ ఇటూ నడుస్తూ ఆ మాటలే అప్పజెప్పాడు. మునిరాజు హార్బరు మీది ఆకాశం వేశాడు, జయంతి మామూలుగానే ఉత్త నీలం వాష్. ఆమె వాష్ అంటే భువనేశ్వరికి ఎంత గర్వమో ఆయనకు తెలుసు. ఇస్త్రీ చేసిన పట్టుబట్టలా ఉంటుంది, ఎక్కడా ముడత ఉండదు అనేది.

ఆరాక చూస్తే ముడతలు లేవు గానీ నీలం అంతా రవ్వరవ్వగా విరిగిపోయింది. మధ్యమధ్య బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు.

"నా ఆకాశానికీ అమ్మవారు పోసిందే" అన్నాడు మునిరాజు తన కాగితం ఎత్తి చూసుకుని.

జయంతి నవ్వలేదు. "ఎందుకు సార్ ఇట్లా?"

"తడి ఎక్కువైనట్టుంది. కుంచెను ఒకసారి గుడ్డకు అద్దుకోవాలి" అన్నాడు వరదరాజులు. అదీ భువనేశ్వరి మాటే.

మరుసటి వారం జయంతి కుంచెను గుడ్డకు అద్దుకుని వేసింది. మళ్ళీ మచ్చలే. "తొందర పడ్డావు" అన్నాడాయన. ఆ పై వారం ఊపిరి బిగబట్టి, నిదానంగా నాలుగు కాగితాలు వేసింది. నాలుగింటికీ అదే గతి. నాలుగోది ఆరేదాకా దాని ముందే కూర్చుని, చేతి వెనకవైపు ఆనించి చూసి, లేచి రంగుల డబ్బా మూసేసింది.

"నేనింక రాను సార్. నా చెయ్యి పోయింది. టీచరమ్మతోనే పోయింది."

"ఏందిమా, చెయ్యి పొయ్యేదానికి అదేమన్నా గొడుగా? బస్సులో మరిచిపోయి రాలేదు గదా?" అన్నాడు మునిరాజు. "ఈ వారం కాకపోతే వచ్చే వారం."

"ఆరేళ్ళలో ఎప్పుడన్నా ఇట్లా వచ్చిందా అన్నా, చెప్పు? టీచరమ్మ చెప్పినట్టే సార్ చెప్తా ఉండారు. ఒక్క మాట తేడా లేదు. అప్పుడు ఎవురిది తప్పు? నాదే గదా. జాకెట్ల కడలో పొద్దుటి నుంచి రాత్రి దాకా మామిడిపిందెలు గీస్తా కూర్చుంటే చెయ్యి మొద్దుబారిపోయింది. అంతే."

ఆమె వెళ్ళిపోయింది. మునిరాజు "ఒక్కడికి క్లాసేంది సార్, బాగుండదు" అని తనూ లేచాడు. వరదరాజులు వాళ్ళ గ్లాసుల్లో నీళ్ళు పెరటి తులసికోటలో పారబోసి వచ్చాడు. క్లాసు పోతుందని ఆయనకు అర్థమైంది. అంతకంటే, ఆ మనిషి తన చేతి మీద నమ్మకం ఈ ఇంట్లో పోగొట్టుకుని మెట్లు దిగిందన్నది ఎక్కువగా బాధపెట్టింది.

బుధవారం పొద్దున గ్లాసులు సర్దుతుంటే తెలిసింది. పెరటి బోరునీళ్ళతో కడిగి బోర్లించిన స్టీలు గ్లాసుల మీద, నీటిబొట్టు ఆరిన ప్రతి చోటా తెల్లటి మచ్చ. ఈ పేటలో ఏ ఇంట్లోనైనా ఉండేదే. రోజూ గుడ్డతో తుడిచేదే. ఆయన ఆ గ్లాసును కిటికీ వెలుగులో తిప్పి, ఇంకోసారి తిప్పి చూశాడు.

ఇంట్లో నీళ్ళు రెండు రకాలు. బోరునీళ్ళు ఉప్పు, స్నానానికీ గిన్నెలకూ. లారీలో వచ్చే మంచినీళ్ళు రెండు బిందెలు, తాగడానికీ వంటకూ. క్లాసు కోసం ఆయన పట్టింది బోరునీళ్ళు. బ్రష్షులు కడగడానికి ఎవరైనా అవే పడతారు. మంచినీళ్ళు బొమ్మలకు పొయ్యడం పాపమని ఆయన నమ్మకం.

ఆ సంగతి మీద ఒకసారి ఇంట్లో మాటామాటా వచ్చింది. తొంభై మూడులో, ఊరంతా నీళ్ళకు కటకటలాడిన ఎండాకాలం. "జనం తాగడానికి లేక అల్లాడుతుంటే నువ్వు మంచినీళ్ళలో బ్రష్షులు కడుగుతావా?" అన్నాడు. భువనేశ్వరి అన్నం వారుస్తూ, "ఉప్పునీళ్ళకు రంగు ఒప్పుకోదండీ" అంది. అదేదో బొమ్మలేసేవాళ్ళ చాదస్తం అనుకున్నాడు. ఆ వారం నుంచి ఆమె తన తాగే చెంబులోంచి రెండు గ్లాసులు తీసి పక్కన పెట్టుకునేది. "నా వాటాలోంచే లెండి" అనేది. అది మొండితనం అనుకున్నాడు.

క్లాసులో పరాయివాళ్ళకు చెప్పిన ప్రతి మాటా ఆయనకు గుర్తుంది. ఇది వంటింట్లో తనతో చెప్పిన మాట.

రెండు గ్లాసుల్లో రెండు రకాల నీళ్ళు పోసుకున్నాడు. ఆమె డబ్బాలోంచి ఉడత వెంట్రుకల కుంచె ఒకటి తీసి, మొదటిసారి తడిపాడు. రెండు కాగితం ముక్కల మీద నీలం పులిమి ఫ్యాను కింద పెట్టాడు. రెండూ వంకరటింకరగానే వచ్చాయి. ఆ పూట ఇంట్లో ఎవరూ లేకపోవడం ఒక విధంగా మేలే అనిపించింది. పావుగంటలో మంచినీళ్ళది గాజులా ఆరింది. బోరునీళ్ళది విరిగిపోయింది.

ఆదివారం దాకా ఆగి, చప్పుడు చెయ్యకుండా నీళ్ళు మార్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మునిరాజు ఆకాశం బాగుపడుతుంది, సార్ మంచి సారే అనుకుంటాడు. కానీ జయంతి రాదు. రాని మనిషికి తప్పు ఆమెది కాదని ఎవరు చెబుతారు?

మర్నాడు మధ్యాహ్నం పురసవాక్కం వెళ్ళాడు. జయంతి పనిచేసే కడ, అంటే జాకెట్ల కొట్టు, మేడ మీద, నాలుగు కుట్టు మిషన్ల మధ్య. ఆమె నేల మీద కూర్చుని నూనెకాగితం మీద నెమలి గీస్తోంది. తల ఎత్తి చూసి కంగారుగా లేచింది.

"ఏంది సార్, ఎండలో పడి ఇంత దూరం? మునిరాజన్నకు ఏమన్నా..."

"ఆయన బాగానే ఉన్నాడు. నీతో ఒక మాట చెప్పాలమ్మా. తప్పు నీ చేతిది కాదు, నీళ్ళది. ఉప్పునీళ్ళు పోశాను. తెలిసి కాదు, తెలియకే. ఆమె ఎప్పుడూ మంచినీళ్ళే పోసేది." జేబులోంచి రెండు కాగితం ముక్కలు తీసి ఇచ్చాడు. "ఇంకోటి కూడా చెప్పాలి. నాకు పెయింటింగు రాదు. ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చునని అబద్ధం చెప్పాను."

మిషన్ల దగ్గర ఆడవాళ్ళు కాళ్ళు ఆపి వింటున్నారు. జయంతి ఆ ముక్కలను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది.

"మీకు రాదని నాకు అనుమానమే సార్" అంది చివరికి. "మొదటి ఆదివారమే కుంచెను ఖాళీ గ్లాసులో తలకిందులుగా నిలబెట్టినారు. వెంట్రుకలు వంగిపోతాయని బిడ్డలకు కూడా తెలుసు."

"మరి అడగలేదే?"

"ఎట్లా అడిగేది? మాటలన్నీ టీచరమ్మవే గదా. మాట రైటు గనక చెయ్యే తప్పనుకున్నా." గొంతు కొంచెం పదునెక్కింది. "మూడు వారాలు సార్. ఈ కడలో కూడా గీత గియ్యాలంటే భయపడినా. తెలీదు అని ఒక్క మాట అనుంటే నేనే వెతుక్కుంటా ఉంటిని గదా. తడి ఎక్కువైంది, తొందర పడ్డావు అని, ఏందేందో చెప్తిరి."

"చెప్పాను" అన్నాడాయన.

వస్తానని గానీ రానని గానీ ఆమె అనలేదు. కాఫీ తెప్పించనా అని మాత్రం అడిగింది. వద్దని దిగి వచ్చాడు.

ఆదివారం నాలుగింటికి మునిరాజు ఒక్కడే వచ్చాడు. వరదరాజులు మంచినీళ్ళు రెండు గాజుసీసాల్లో పోసి బల్ల మీద పెట్టి, ఆయనకూ సంగతంతా చెప్పాడు. మునిరాజు మొత్తం విని, "నేనైతే నా కళ్ళకే శుక్లాలు వచ్చినాయనుకుంటిని సార్, ఆస్పత్రిలో చీటీ కూడా రాయించుకుంటిని" అన్నాడు.

అయిదు కావస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. జయంతి లోపలికి వచ్చి, బోర్డు బల్ల మీద పెట్టి, సీసాలో నీళ్ళు అరచేతిలో కొంచెం పోసుకుని నాలుకతో తాకి చూసింది.

"ఏందిమా, సార్ మీద అంత నమ్మకమా?" అన్నాడు మునిరాజు.

"ఇప్పుడు కొంచెం వచ్చిందన్నా." వరదరాజులు వైపు తిరిగింది. "ముందు మీరు వెయ్యండి సార్. మీరు కూచోకపోతే నేను కూచోను. తెలీనిది తెలీదని చెప్పేదానికి అలవాటు కావాల గదా."

అరవై అయిదేళ్ళ మనిషి బోర్డు ముందు కూర్చున్నాడు. పైన మొదటి గీత గీశాడు. దాని అడుగున నీలం పూస నిలబడటం చూసి, పద్దెనిమిదేళ్ళుగా విన్నది ఇదా అనుకున్నాడు. వినడానికీ చూడటానికీ ఇంత దూరం ఉంటుందని తెలియదు. నాలుగు గీతలు దించేసరికి కుడిపక్క ఒక చార తేలింది. చెయ్యి దానంతట అదే పైకి పోయింది.

"వొద్దు. పోనీండి. చేతులు వెనక్కి పెట్టుకోండి" అంది జయంతి.

వెనక్కి పెట్టుకున్నాడు. చార అట్లాగే ఉండిపోయింది.

"పరవాలేదు సార్, నెల్లూరు రైలు పొగలా ఉండాది" అన్నాడు మునిరాజు.

అప్పుడు జయంతి తన కాగితం బోర్డుకు బిగించి, చీర కొంగు నడుముకు చెక్కుకుని, అంచు నుంచి అంచుకు ఒకే ఊపులో నీలం దించింది. మొదటి రెండు గీతల దాకా తన చేతి వైపే చూసుకుంటూ వేసింది. తర్వాత చేతి సంగతే మరిచిపోయింది. గాలిలో తడి ఎక్కువ, ఆరడానికి చాలాసేపు పట్టింది. మునిరాజు బస్సుకు టైమవుతోందని రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు. వీధి దీపాలు వెలిగాక జయంతి చేతి వెనకవైపు కాగితానికి ఆనించింది. ఒక మచ్చ లేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే నీలం.

ఆమె ఇంకో పలచటి వాష్ కలుపుకుని అడుగు సగం మీద వేసింది.

"ఇది రేత్రంతా ఆరాల సార్. మీద మబ్బు వెయ్యాలంటే వచ్చే వారమే. ఈడనే ఉండనీండి."

"ఉండనీ అమ్మా" అన్నాడు వరదరాజులు.

వాళ్ళు వెళ్ళాక హాలు కిటికీ రెక్కలు మూశాడు, వీధి దుమ్ము పడకుండా. ఫ్యాను ఆపాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి చారతో, ఒకటి చార లేకుండా. తన కాగితం మీది చారను సరిచెయ్యాలని మళ్ళీ అనిపించింది. చేతులు వెనక్కి పెట్టుకుని, దీపం ఆర్పి, గాలి కదలనంత మెల్లగా హాలు తలుపు దగ్గరికి వేశాడు.