బావా, టీ తాగావా?

కంప్యూటర్ కోడును ఫొటో తీసి పంపేవాళ్ళను ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. కాపీ చేసుకోవడానికి వీల్లేదు. కళ్ళు చికిలించుకుని ఒక్కో అక్షరం కొట్టుకోవాలి. పైగా బావ పంపిన ఫొటోలో ఒక లైను మీద ఆయన బొటనవేలు ఉంది.

బావ అంటే నిజం బావ కాదు. తాళాల షాపు నడుపుతాడు, సరదాకి ప్రోగ్రాములు రాసుకునే మా గ్రూపుకు పెద్ద దిక్కు. అందరికీ బావే. ఏ కోడు ముక్క పంపినా, అది పనిచేస్తోందో లేదో చూడటానికి అందులో ఒకే మాట పెడతాడు: ‘బావా, టీ తాగావా?’

ఆ రోజు నేను సరదాలో లేను. గొంతు ఆపరేషన్ తర్వాత మా అక్కకు మాట పోయింది. తను టైపు చేస్తే ట్యాబ్ పైకి చదివేలా, గ్రూపులో దొరికిన ముక్కలు అతికించి నేనే ఒక ప్రోగ్రాం చేసిపెట్టాను. పొద్దున ట్యాబ్ అప్‌డేట్ అయి అది కాస్తా మూగనోము పట్టింది. మధ్యాహ్నం అక్క తన పాత బడికి వెళ్ళి, మళ్ళీ లెక్కల పాఠాలు చెప్పగలనని హెడ్మాస్టరును ఒప్పించాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

గ్రూపులో అడిగాను, నా ఖర్మ! మందుల షాపావిడ “అసలు ఆ లాంగ్వేజ్‌లో ఎవడు రాయమన్నాడు నిన్ను?” అంది. బస్సు డ్రైవరు “నాకూ ఇలాగే అయింది, తర్వాత సెట్ అయిపోయింది” అన్నాడు. ఎలా సెట్ అయిందయ్యా మహానుభావా అంటే ఉలుకూ పలుకూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడొచ్చింది బావ ఫొటో. ఫోన్ చేశాను.

“నీ వేలి కింద ఏముంది బావా?”

“పాత ఫొటోరా అది. గుర్తుంటే ఫొటో ఎందుకు తీస్తాను? ఇంటికెళ్ళాక చూసి చెప్తాలే.”

“ఈలోపు ఇక్కడ కొంప మునుగుతోంది!”

అక్క చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆ లైను ఊహించి నింపి, మీట నొక్కాను. “బావా, టీ తాగావా?” అంది ట్యాబ్. ఎగిరి గంతేశాను. ఇంకేం చూడకుండా అక్క చేతిలో పెట్టి బస్సెక్కించాను.

సాయంత్రం అక్క వచ్చి సంచి కుర్చీలో పడేసింది.

“ఏమైందక్కా?”

టైపు చేసింది. “నిన్ను చంపేస్తాను,” అంది ట్యాబ్. ఆ వెంటనే, “బావా, టీ తాగావా?”

ఆ పరీక్ష మాట తీసేయనే లేదు. హెడ్మాస్టరు ముందు అక్క మాట ముగిసిన ప్రతిసారీ చివర అదే పలికిందన్నమాట!

“పిల్లలు నవ్వుతారు, క్లాసు అదుపులో ఉండదు అన్నాడు. బావా, టీ తాగావా?”

“అయ్యో! నువ్వేమన్నావు?”

“నవ్వనివ్వండి, ఒక్క క్లాసు ఇచ్చి చూడమన్నాను. బావా, టీ తాగావా?”

“ఇచ్చాడా?”

అక్క చాలాసేపు టైపు చేసింది. “ఇచ్చాడు. ట్యాబ్ కంటే ముందు తామే ఆ మాట అరవాలని, నేను చెప్పేది ఎక్కడ అయిపోతుందా అని పిల్లలు చెవులు రిక్కించి విన్నారు. లెక్కంతా అర్థమైంది వెధవలకి. సోమవారం నుంచి రమ్మన్నాడు. బావా, టీ తాగావా?”

“ఇటివ్వు, తీసేస్తాను” అని లాక్కోబోతే నా చేతి మీద ఒక్కటేసింది. భుజాలు అదురుతున్నాయి. శబ్దం లేదు, కానీ నవ్వుతోంది. ఆపరేషన్ తర్వాత తను నవ్వగా నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఫోన్ మోగింది. బావ ఇంకో ఫొటో పంపాడు. ఈసారి వేలు లేదు. ఫొటో తలకిందులుగా ఉంది.